ముఖం బాగా కనపడాలి

“ఫోన్లో చూశామండీ. ఏంజెల్ అవునంది, నేను కాదన్నాను, మా అక్క ఏమీ అనలేదు. ఆ చిన్న ఫోన్లో ఏం తెలుస్తుంది? అందుకే పెద్ద తెర మీద ఇంకోసారి చూద్దామని,” అన్నాడు తోమాసు.

శ్యాంబాబు టేబుల్ మీది పాత ల్యాప్‌టాప్‌ని తన వైపు తిప్పుకున్నాడు. బందరులో కంప్యూటర్లు బాగుచేసే షాపు అతనిది. పిలిస్తే పక్కనున్న ఈ గూడూరు దాకా వస్తాడు. వచ్చాక మాత్రం అతని నోరు ఊరుకోదు.

తోమాసు అక్క రాజమ్మ తలుపు దగ్గర కుర్చీలో కూర్చుంది. ఆవిడ కూతురు ఏంజెల్ కిటికీ ఊచ పట్టుకుని నిలబడింది. పదకొండింటికి పాస్టరుగారు వస్తారట, అప్పుడే అవతలివాళ్ళు వీడియో కాల్ చేస్తారట. పెళ్ళిచూపులన్నమాట, అనుకున్నాడు శ్యాంబాబు. పిల్ల కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తనకి నచ్చిన సంబంధాన్ని మేనమామ కాదన్నాడని ఏడ్చిందేమోనని జాలి కూడా పడ్డాడు.

“ఎక్కడివాళ్ళండీ?”

“బరంపురం నుంచి చేస్తారు,” అన్నాడు తోమాసు.

తెర మీద బొమ్మలన్నీ అడ్డంగా సాగి, తడి చేత్తో అలికినట్టున్నాయి.

“ఇంత పాతదానికి కొత్త విండోస్ ఎవరెక్కించారండీ? కంపెనీవాడు దీనికి డ్రైవర్లు ఇవ్వడం ఎప్పుడో మానేశాడు.”

“మా అన్నయ్య,” అంది ఏంజెల్. “కుదరదని కంప్యూటరే చెప్తున్నా వినకుండా ఎక్కించాడు.”

“మీ అన్నయ్యకి రెండు తగిలించాలండీ!”

ఎవరూ నవ్వలేదు.

“డ్రైవరంటే ఏంటి బాబూ?” అడిగింది రాజమ్మ.

“విండోస్ మాట తెరకి అర్థమయ్యేలా చెప్పే దుబాసీ అండీ. ఆ దుబాసీ లేకే ఈ తిప్పలు.”

“ముఖం బాగా కనపడాలి. కుడి చెవి కింద పుట్టుమచ్చ ఉందో లేదో తెలియాలి,” అంది రాజమ్మ.

“పుట్టుమచ్చలు కూడా చూస్తారా అండీ?”

“చూడాలి. చూడకుండా సరే అనేసి జన్మంతా ఏడవలేను.”

ఎంత పట్టుదల మనిషో అనుకుని, శ్యాంబాబు పెన్‌డ్రైవ్ పెట్టాడు. మొదటి డ్రైవర్‌ని విండోస్ తిప్పికొట్టింది. రెండోది ఎక్కినట్టే ఎక్కి, తెర మొత్తాన్ని నల్లగా చేసేసింది.

“పోయిందా?” అన్నాడు తోమాసు గాభరాగా.

“ఉండండి. అంతగా కాకపోతే రేపు చేయమని చెప్పకూడదా?”

“ఆగరండీ. ఇప్పటికే చాలా బతిమాలాం. ఇవాళ ఏదో ఒకటి తేల్చకపోతే వాళ్ళ పని వాళ్ళు కానిచ్చేస్తారు.”

మరీ అంత తొందరేమిటో! శ్యాంబాబుకి అవతలివాళ్ళ మీద ఒళ్ళు మండింది. పాత విండోస్ కోసం చేసిన డ్రైవర్ ఒకటి తీసి, విండోస్ వద్దన్నా బలవంతంగా ఎక్కించాడు. ల్యాప్‌టాప్ ఆగి, మళ్ళీ మొదలైంది. తెర ఒక్కసారి మిణుకుమని తేటపడింది. తెర మీద ఉన్నది మంగినపూడి బీచ్‌లో ఏంజెల్ దిగిన ఫోటో. జడలో పూలు విడివిడిగా కనపడుతున్నాయి.

“చూడండమ్మా! ఇంక చిన్న మచ్చయినా దాగదు.”

రాజమ్మ తెర వంక చూసి, మొహం పక్కకి తిప్పుకుంది. “ఇంత బాగా కనపడుతుందా?” అంది. ఆవిడ గొంతులో సంతోషం లేదు, భయం ఉంది. ఆడపిల్ల తల్లికి ఆ మాత్రం బెంగ ఉంటుందిలే అనుకున్నాడు శ్యాంబాబు.

పాస్టరుగారు వచ్చారు. వస్తూనే రాజమ్మ తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన మొదలుపెట్టారు. శ్యాంబాబు పెన్‌డ్రైవ్ జేబులో వేసుకున్నాడు గానీ వెళ్ళబుద్ధి కాలేదు. ఇంత కష్టపడ్డాక పెళ్ళికొడుకు మొహం చూడకుండా ఎలా వెళ్తాడు?

కాల్ వచ్చింది. ఏంజెల్ కదల్లేదు. తోమాసు వెనక్కి జరిగితే శ్యాంబాబే ఎత్తాడు. తెర మీదికి ఒకాయన వచ్చి, రాజమ్మగారు ఉన్నారా అని మర్యాదగా అడిగాడు. ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

“మార్చురీలో ఉన్నామమ్మా, గుడ్డ తీస్తున్నాం, మీ అబ్బాయేనా చూసి చెప్పండి.”