సాయంత్రం ఐదులోపు

"ఈ డబ్బా కనిపెట్టినవాణ్ణి నిలబెట్టి నాలుగు తన్నాలి," అంది ఇళ్లు అమ్మిపెట్టే ఏజెంటు గ్లెండా, తలుపుకు వేలాడుతున్న తాళంచెవుల డబ్బా మీద మూడోసారి అంకెలు నొక్కుతూ. "వోచరు ఆఫీసు ఐదింటికి మూసేస్తారు. ఇప్పటికే నాలుగైంది. ఇక్కడ మనం దొంగల్లా గుమ్మంలో నిలబడ్డాం."

ఎదురింటి ముసలావిడ కిటికీ తెర తొలగించి చూస్తుంటే వెర్నీస్ టోపీ కళ్ల మీదికి లాక్కుంది. టొలీడో ఊళ్లో బ్యాంకు జప్తు చేసిన ఇళ్లు చూడ్డానికి వచ్చేవాళ్లను ఇరుగుపొరుగు అలాగే చూస్తారు.

ఆసుపత్రిలో పక్కదుప్పట్లు మార్చే పని వెర్నీస్‌ది. తొమ్మిదేళ్లు వరసలో ఉంటే ప్రభుత్వం పేదలకిచ్చే ఇంటి వోచరు ఇచ్చింది. అద్దెలో సగానికి పైగా వాళ్లే కడతారు. ఇల్లు కొనుక్కుంటే వాయిదాలో కూడా అంత భాగం కడతారు. అంతా బాగానే ఉండేది, ఇంటి యజమాని ఇల్లు అమ్మేస్తున్నానని చెప్పేదాకా. వోచరు అనగానే అద్దెకిచ్చేవాళ్లు ఫోను పెట్టేస్తున్నారు. కొందామంటే ఆమె స్తోమతకు జప్తు ఇళ్లే దిక్కు. నాలుగు నెలల్లో ఐదు చూసింది. ఒకదానికి కప్పు లేదు, ఒకదానిలో దొంగలు రాగి గొట్టాలన్నీ పీక్కుపోయారు, మిగతావి వ్యాపారులు రొక్కమిచ్చి ఎగరేసుకుపోయారు. ఈ రోజుతో గడువు సరి. ఐదులోపు సంతకం పెట్టిన కాగితం చేరకపోతే వోచరు వరసలో ఉన్న మరొకరికి పోతుంది. జాబితాలో ఇదొక్కటే మిగిలిందని పొద్దున గ్లెండా ఫోను చేసినప్పటి నుంచి ఆమెకు ముద్ద దిగలేదు.

డబ్బా తెరుచుకుంది. లోపల చలి బయటకన్నా ఎక్కువగా ఉంది.

"చూడు, గోడలు గట్టివే. నేల కూడా అసలు చెక్క," అంటూ గ్లెండా గదిగదీ తిరిగింది. స్నానాలగదిలో నీళ్లు ఆపేసిన గుర్తుగా కమోడుకు పసుపు టేపు చుట్టి ఉంది. తొట్టి పక్కన గోడకు ఇనుప కడ్డీ బిగించి ఉంది. "ఎవరో జబ్బు మనిషి ఉన్నట్టున్నారు. రేపు నీ మోకాళ్లు అరిగాక నీకే పనికొస్తుంది."

వెర్నీస్ ఆ కడ్డీ వైపు చూడకుండా బయటికి వచ్చేసింది.

వంటింటి వెనక తలుపు ఎంత తోసినా రాలేదు. "ఇదిగో, మొదటి రిపేరు!" అంది గ్లెండా. వెర్నీస్ పిడి పట్టుకుని కాస్త పైకెత్తి లాగింది. తలుపు వచ్చింది.

"అబ్బో, వడ్రంగం కూడా వచ్చా?"

"చెమ్మకు ఉబ్బిన తలుపులు ఎత్తి తియ్యాలి."

"ఇంత మంచి ఇల్లు పోగొట్టుకున్నారంటే తాగి తందనాలాడి ఉంటారు," అంది గ్లెండా. "బ్యాంకు ఉత్తరాలు విప్పను కూడా విప్పరు వీళ్లు."

"మనకేం తెలుసు? ఏం కష్టమొచ్చిందో." వెర్నీస్ గొంతు కాస్త పెద్దదైంది.

"సరేలే తల్లీ, నన్ను కొట్టకు." గ్లెండా వంటగట్టు మీద టాబ్లెట్ తెరిచింది. "బ్యాంకువాళ్లు ధర ఖాయం చేసే పెట్టారు. నీ సంతకమే తరువాయి. ఇంట్లో ఉండేవాళ్లు?"

"నేను, మా అమ్మాయి జోస్లిన్."

"ఇంకెవరూ లేరుగా? సోఫా మీద పడుకునే చుట్టాలూ గట్రా? రెండు వారాలు దాటి ఎవరున్నా రాయాలి. రాస్తే వాళ్ల రాబడీ లెక్కలోకొస్తుంది, ఫైలు మళ్లీ మొదటికొస్తుంది. ఎంత లేదన్నా రెండు నెలలు."

పోయిన అక్టోబరు నుంచి అక్క ఒడెట్ వెర్నీస్ సోఫా మీదే పడుకుంటోంది. బావ పోయాక తోడు కోసం వచ్చిందని అడిగినవాళ్లకు చెబుతున్నారు.

"ఎవరూ లేరు," అంది వెర్నీస్. తోడబుట్టినదాన్ని లేదన్నందుకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

గ్లెండా వేలితో సంతకం చెయ్యాల్సిన చోటు చూపించింది. వెర్నీస్ చెయ్యి కదల్లేదు.

"గ్లెండా గారూ, ఇంకోటి ఏదైనా..."

"ఇంకోటా? ఈ ఊళ్లో నీ వోచరుకు లొంగే ఇల్లు ఇంకోటి ఉంటే చెప్పు, నా వీపు మీద మోసుకొస్తా. నాలుగూ నలభై అయింది. నువ్వు కాదంటే వచ్చేవారం ఏ వ్యాపారో కొంటాడు. పోగొట్టుకున్నవాళ్లకైతే ఎలాగూ తిరిగి రాదు."

ఆ మాట నిజమే. అప్పు ఎగ్గొట్టారన్న మచ్చ పడ్డాక ఏ బ్యాంకూ ఏళ్ల తరబడి గుమ్మం ఎక్కనివ్వదు. కాదంటే జోస్లిన్ బడి సంచీతో కారులో పడుకోవాలి. ఔనంటే ఏమవుతుందో తలుచుకోవడానికే వెర్నీస్‌కు భయంగా ఉంది. పరిగెత్తి పారిపోవాలనిపించింది. పోవడానికి చోటు లేదు.

సంతకం చేసింది.

ఐదింటికి ఏడు నిమిషాలుండగా ఆఫీసు నుంచి 'అందింది' అని సందేశం వచ్చింది. గ్లెండా ఆమెను గట్టిగా కౌగలించుకుని, ఇంకొకరికి ఇల్లు చూపించాలంటూ కారెక్కింది. వెర్నీస్ మెట్ల మీద కూలబడింది. ఫోను మోగింది.

"ఏమేవ్, దొరికిందా?" ఒడెట్.

"దొరికింది."

"దేవుడున్నాడే! ఎన్ని గదులు?"

"మూడు."

"నాకు గది వద్దులే, సోఫా చాలు. ఆఫీసువాళ్లు తనిఖీకొస్తే పిల్లిలా వెనకనుంచి జారుకుంటా. ఏంటే, ఏడుస్తున్నావా? పిచ్చిదానా, నవ్వాలి ఈ రోజు!"

"నవ్వుతున్నానులే."

"ఇదిగో, నా మాట విను. పోగొట్టుకున్నవాళ్లెవరో, పాపం. వాళ్ల ఉసురు మనకు తగలకూడదు. ఇవాళ ప్రార్థనలో వాళ్ల పేరు చెప్పి దణ్ణం పెట్టుకుంటా. ఎవరిదే ఆ ఇల్లు?"

వెర్నీస్ వెనక్కి తిరిగి ఆ తలుపు వైపు చూసింది. అవతల ఒడెట్ "హలో, హలో" అంటూనే ఉంది.

"నీదే, అక్కా."