ఆఖరి పంటు

"అందరూ ఎక్కినట్టేనా అండీ?" గైడు నారాయణమూర్తి బస్సు మెట్టు మీద నిలబడి తలలు లెక్కపెట్టాడు.

ఒక తల తక్కువొచ్చింది.

"కోటిపల్లిలో ఎక్కిన పెద్దాయన లేరు. తెల్లచొక్కా ఆయన. ఎవరైనా చూశారా అండీ?"

సువర్ణ చూసింది. చూసి కూడా పలకలేదు.

పొద్దున్న కాకినాడ నుంచి రంప జలపాతానికి బయల్దేరిన ఆ టూరిస్టు బస్సు కోటిపల్లి రేవులో ఆగినప్పుడు ఎక్కింది ముగ్గురే. ముక్తేశ్వరం నుంచి గోదావరి దాటి వచ్చిన సువర్ణ, ఆమె కూతురు రూతు, వాళ్ల వెనకాలే ఆ పెద్దాయన. ఇస్త్రీ మడత విడని చొక్కా, తలకి దట్టంగా నూనె, ముఖం నిండా పెళ్లికి వెళ్తున్నంత సంబరం.

సువర్ణ బడిలో జలపాతం పాఠం చెప్పడమే తప్ప జలపాతాన్ని చూసి ఎరగదు. అసలు కొండనే చూడలేదు. కోనసీమలో కొండ ఎక్కడుంటుంది? అందుకే మనసు చంపుకోలేక, పాలు తాగే చంటివాణ్ణి అత్తగారికి అప్పజెప్పి బయల్దేరింది. వాడికి పోతపాలు పడవు.

"దీపాలవేళకి వచ్చెయ్యి తల్లీ. ఆ తర్వాత వీణ్ణి ఆపడం నా వల్ల కాదు" అంది అత్తగారు జ్ఞానమ్మ, రేవు దాకా వచ్చి.

గోదావరి దాటించే ఆఖరి పంటు తప్పిపోతే తెల్లవార్లూ ఇవతలి ఒడ్డునే. దారి పొడుగునా సువర్ణకి అదే బెంగ.

"కంగారు పడకండి టీచరమ్మగారూ. పంటు మిమ్మల్ని వదిలేసి పోదండి" అన్నాడు పెద్దాయన ముందు సీట్లోంచి తిరిగి.

"మీకెలా తెలుసండీ?"

"ఆయ్, నేను చెబుతున్నాను కదండీ!"

ఈయన చెబితే ఆగడానికి పంటేమన్నా ఈయనకి అత్తారు పెట్టారా అని లోపల విసుక్కుంది సువర్ణ. తను టీచరని ఆయనకెవరు చెప్పారో అడగాలని తోచనే లేదు.

రంప జలపాతం కింద నిలబడి పెద్దాయన చిన్నపిల్లాడైపోయాడు.

"పుట్టిన కాణ్ణించీ అడ్డంగా పారే నీళ్లే చూసేనండి. నిలువునా పడే నీళ్లు ఇదే చూడ్డం!"

సువర్ణకి నవ్వొచ్చింది. ఆ కాసేపు చంటివాడు కూడా గుర్తు రాలేదు.

బయల్దేరే వేళకి రూతు కాలి చెప్పు నీళ్లలో జారిపోయింది. పండక్కి కొన్న ఎర్రచెప్పు. పిల్ల గొల్లుమంది.

"ఏడవకమ్మా. ఎక్కడో రాయికి తట్టుకుని ఉంటుంది, నేను తెస్తాగా" అని పంచె ఎగ్గట్టి ఏటి వెంబడే కిందకి దిగిపోయాడు పెద్దాయన.

"ఎందుకండీ, పోనివ్వండి" అంది సువర్ణ. అన్నదీ ఒక్కసారే, అదీ గట్టిగా కాదు.

బస్సు హారను మోగింది. మళ్లీ మోగింది. కొండ నీడ రోడ్డు మీదకొచ్చేసింది. పాలు చేపుకొచ్చి రవిక తడుస్తోంటే సువర్ణ పైట చుట్టూ కప్పుకుంది.

"ఎవరూ చూడలేదాండీ ఆయన్ని?" గైడు మళ్లీ అడిగాడు.

రూతు కొంగు లాగింది. "అమ్మా, తాతగారు నా చెప్పు..."

సువర్ణ పిల్ల నోరు మూసేసింది.

"ఆయనకి రంపచోడవరంలో చుట్టాలున్నారటండీ. రాత్రికి ఉండిపోతానన్నారు."

అబద్ధం అంత తేలిగ్గా వస్తుందని ఆమెకీ తెలియదు.

"ముందే చెప్పొద్దాండీ!" అని గైడు తలుపు వేశాడు.

చూడకూడదనుకుంటూనే వెనక్కి చూసింది. మలుపు దగ్గర చెట్ల మధ్యనుంచి తెల్లచొక్కా పరుగెత్తుకొస్తోంది. పైకెత్తిన చేతిలో ఎర్రచెప్పు.

ఆపమందామని నోరు తెరిచింది. పైట సర్దుకుని ముందుకి తిరిగింది. బస్సు మలుపు తిరిగింది.

మగాడు, ఎక్కడో తల దాచుకుంటాడు, పొద్దున్నే ఏదో బస్సెక్కుతాడు అని సర్దిచెప్పుకుంది. మనసు సర్దుకోలేదు. ప్రార్థన చేసుకుందామని కళ్లు మూసుకుంటే ఆ చెయ్యే కనబడింది. పక్కన రూతు ఒంటిచెప్పు ఒళ్లో పెట్టుకుని, అమ్మ వైపు చూడకుండా కూర్చుంది. ప్రభువు ముందైతే మోకరిల్లవచ్చు గానీ ఈ పిల్లకేం చెప్పాలి?

కోటిపల్లి చేరేసరికి మసకచీకటి.

పంటు రేవులోనే ఉంది!

సువర్ణ పిల్లని ఎత్తుకుని పరుగెత్తింది. అవతల ముక్తేశ్వరం రేవులో ఒక లాంతరు అటూ ఇటూ తిరుగుతోంది. అది అత్తగారిదే అయ్యుంటుంది.

ఎంతసేపటికీ పంటు కదల్లేదు. పైన పంటు నడిపే గదిలో దీపం లేదు. ఏళ్ల తరబడి ఎక్కిన పంటే అయినా ఆ గదిలో ఎవరుంటారో ఆమె ఎన్నడూ తలెత్తి చూసింది లేదు.

"తియ్యరేం అప్పన్నా? పిల్లాడు ఏడుస్తుంటాడు" అంది తాడు దగ్గర నిలబడ్డ కళాసీతో.

"తెలుసండి, మీకోసమే ఆపేమండి. టీచరమ్మగారి చంటాడు ఆకలికి ఆగలేడు, బస్సు ఎంత ఆలస్యమైనా ఉంచండర్రా, ఆఖరి పంటు నేనే వచ్చి తోలతాను అని పొద్దున్నే చెప్పి వెళ్లేరండి. పగలు తోలినాయన ఇంటికెళ్లిపోయేడు కూడానండి."

"ఎవరు చెప్పింది?"

అప్పన్న ఆమెని దాటి, వెనక్కి తిరుగుతున్న బస్సు వైపు చూశాడు.

"మా సరంగు సత్యానందంగారండి. ఇన్నేళ్లకి ఒక్క పూట సెలవు పెట్టి మీ బస్సే ఎక్కేరు కదండీ, ఇంకా దిగలేదేం?"