కాదండీ గారు

"కాలిన చోట వెంటనే టూత్‌పేస్టు రాయండి తల్లీ, బొబ్బ ఎక్కదు" అని బామ్మ కెమెరా వైపు చూసి నవ్వింది.

"కట్! అదరగొట్టారు బామ్మా!" అన్నాడు ఓనరు.

మూలన కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయికి ఒళ్ళు మండింది.

ఆ గదిలో అన్నీ అబద్ధాలే. వంటిల్లు సెట్టు. పొయ్యి వెలగదు, కుళాయిలో నీళ్ళు రావు. బామ్మ కూడా ఎవరికీ బామ్మ కాదు. తల నెరిసింది, గొంతు తీయగా ఉంది. ఆ గొంతు కోసమే ఓనరు ఏరికోరి తెచ్చుకున్నాడు. ఆవిడ చెప్పే చిట్కాలను లక్షల మంది ఫోన్లలో చూస్తారు.

అమ్మాయి ఉద్యోగం కామెంట్లు చూసుకోవడం. పొగిడిన వాటి కింద దండం బొమ్మ పెట్టాలి. తప్పు పట్టిన వాటిని తీసేయాలి. సాయంత్రానికి సబ్బు పెట్టి చేతులు కడుక్కోవాలనిపించేది.

వీడియో పెట్టారో లేదో, ఒక కామెంటు వచ్చి పడింది.

"కాదండీ. పేస్టు రాస్తే వేడి లోపలే ఉండిపోతుంది. కాలిన చోటును కుళాయి నీళ్ళ కింద కాసేపు ఉంచండి. ఐసు కూడా వద్దు."

"వచ్చాడండీ పెద్దమనిషి!" ఓనరు పళ్ళు నూరాడు. "పీకెయ్."

ప్రతి వీడియో కిందా అతనే. ఫొటో లేదు, పేరు చోట ఏవో అంకెలు. ఏం రాసినా 'కాదండీ' అనే మొదలుపెడతాడు. ఆఫీసులో అందరూ 'కాదండీ గారు' అని పేరు పెట్టేశారు. ఎవడో పనీపాటా లేని రిటైర్డు మాస్టారు అయ్యుంటాడని ఓనరు నమ్మకం.

తిట్టినవాళ్ళను తిరిగి తిట్టడు. "ఫ్రిజ్ తలుపు తీసి పెడితే గది చల్లబడదా మేధావీ?" అని ఒకడు వెక్కిరించాడు.

"కాదండీ. ఫ్రిజ్ లోపలి వేడిని వెనకనుంచి గదిలోకే వదులుతుంది. గది ఇంకా వేడెక్కుతుంది. మంచి ప్రశ్న అడిగారు."

అమ్మాయి అవన్నీ తీసేసేది. కానీ వెంటనే కాదు. ఓనరు అటు వెళ్ళగానే చెయ్యి ఆపేది. ఈలోగా ఒక్కరైనా చదవకపోతారా అని ఆశ.

మొన్న ఆమె అక్క కొడుక్కి ముక్కులోంచి రక్తం కారింది. అక్క వాడి తల వెనక్కి వంచబోయింది. బామ్మ చెప్పిన చిట్కా మరి!

"అలా కాదక్కా! తల ముందుకు వంచి, ముక్కు మెత్తగా ఉన్న చోట నొక్కి పట్టుకో" అని అమ్మాయి అడ్డుపడింది.

"ఇవన్నీ ఎక్కడ నేర్చుకున్నావే?" అంది అక్క.

తను రోజూ తుడిచేసే కామెంట్లలో అని చెప్పకుండా, పిల్లాడి ముక్కు తనే పట్టుకుంది.

మర్నాడు టీ తాగుతున్న బామ్మను పట్టుకుని అడిగేసింది.

"మీకు అసహ్యం వేయదా బామ్మగారూ?"

"వేస్తుందమ్మా."

"మరెందుకు చెబుతున్నారు?"

"నేను మానేస్తే ఇంకో బామ్మను తెస్తాడు. ఆవిడా ఇవే చెబుతుంది. నీ పని నువ్వు కాస్త నిదానంగా చేస్తావు చూడు, అలాగే చెయ్యి. అది చాలు."

చేసేది వెధవ పని, పైగా దెప్పిపొడుపులు! అనుకుంది అమ్మాయి. టీ గ్లాసు తీసుకుని దూరంగా వెళ్ళి కూర్చుంది. ఆ తర్వాత బామ్మ పలకరించినా పలకలేదు.

ఇవాళ కొత్త చిట్కా. బాత్రూము గచ్చు తెల్లగా మెరవాలంటే బ్లీచింగ్ పౌడరులో యాసిడ్ కలిపి పోసి, తలుపు మూసి రుద్దాలట.

"ఇది మాత్రం వద్దు బాబూ" అంది బామ్మ.

"చదవడం మీ పని. వద్దో కావాలో నేను చూసుకుంటాను."

సరిగ్గా 'కలపండి' అనే మాట దగ్గర బామ్మకు దగ్గు వచ్చింది. మళ్ళీ తీశారు. మళ్ళీ దగ్గింది.

"రేపటికి వేరే బామ్మను పిలిపించనా?" అన్నాడు ఓనరు.

ఈసారి దగ్గకుండా, నవ్వుతూ చెప్పేసింది.

'ఛీ, ఇదీ ఒక మనిషేనా!' అనుకుంది అమ్మాయి.

బామ్మ రంగు తుడుచుకోవడానికి మేకప్ గదిలోకి వెళ్ళింది. వీడియో బయటికి వెళ్ళింది. వెనకాలే కామెంటు.

"కాదండీ. ఆ రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది. ప్రాణం పోతుంది. దయచేసి ఎవరూ చేయకండి."

ఓనరు ఆమె కుర్చీ వెనకే నిలబడి ఉన్నాడు.

"వీడితో విసిగి చచ్చాను. బ్లాక్ చెయ్. పాతవి కూడా ఒక్కటి మిగలకూడదు."

"సార్, ఇది నిజంగానే ప్రమాదం..."

"ఏం, నీకూ దగ్గు వస్తోందా?"

ఒకసారి బ్లాక్ చేస్తే మళ్ళీ తీయడం ఓనరు ఫోనులోంచే కుదురుతుంది. ఆ సంగతి అమ్మాయికి తెలుసు. తెలిసే నొక్కింది.

ఓనరు ఈల వేసుకుంటూ భోజనానికి వెళ్ళిపోయాడు.

చూసేవాళ్ళ సంఖ్య గబగబా పెరుగుతోంది. ఎవరో రాశారు: "థాంక్స్ బామ్మా, ఇప్పుడే కలుపుతున్నాను."

దాని కింద దండం బొమ్మ పెట్టాలి. ఆమెకు తన వేళ్ళను చూస్తేనే రోత పుట్టింది.

ఇంతలో మేకప్ గదిలోంచి బామ్మ పరుగులాంటి నడకతో వచ్చింది. ముఖాన రంగు సగమే పోయింది.

"అమ్మాయ్, నా మీద కోపం తర్వాత చూపిద్దువుగాని. ఈ ఫోనుకేమైందో చూడు. ఎంత నొక్కినా పోవడం లేదు."

అమ్మాయి ముఖం అటు తిప్పుకునే చెయ్యి చాపి ఫోను అందుకుంది.

తెర మీద, ఎటూ వెళ్ళలేక ఆగిపోయిన కామెంటు ఉంది: "కాదండీ. ఆపేసి, తలుపు తీసుకుని బయటికి వచ్చెయ్యి తల్లీ."