కొండ మీద సాక్ష్యం

"నడుము నొప్పిట! పొద్దున్నే మంచులో కుక్కనేసుకుని కొండెక్కితే రాని నొప్పి, ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడితే మాత్రం వచ్చేస్తుందిట!"

లాండ్రీ కౌంటరు వెనక కుర్చీలో వాలి కూర్చుని, యజమాని కొడుకు ఆ మాట బావకి వినబడేలాగే అన్నాడు. చలికాలం పోయేదాకా ఆ కుర్చీ తనకిమ్మనీ, ఇస్త్రీ పని బావమరిదికి అప్పజెప్పమనీ బావ అప్పుడే నోరు తెరిచి అడిగాడు. అడిగింది కూడా ఇతన్ని కాదు, మామగారిని.

"ఒకే చోట నిలబడితే నడుంలో నిప్పు పెట్టినట్టుంటుంది మామయ్యా," అన్నాడు బావ, బల్ల అంచు పట్టుకుని. "నడిస్తే కాస్త సడలుతుంది. డాక్టరు కూడా నడవమనే చెప్పాడు. కూర్చునే పని దొరక్కపోతే ఇక నా వల్ల కాదు, మానేస్తాను."

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట వెనకటికెవడో!"

"నువ్వూరుకోరా," అంది అక్క, దుప్పటి మడతపెడుతూ. "ఆయన పడే బాధ నీకేం తెలుసు?"

"నీకు తెలుసుగా, చాల్లే. మూలిగితే చాలు, నమ్మేస్తావు."

తండ్రి ఎటూ తేల్చలేదు. "రేపు చెప్తా" అన్నాడు.

మర్నాడు తెల్లవారగానే కొడుకు ఫోన్ జేబులో వేసుకుని బావ వెనకాల బయల్దేరాడు. మంచు చీలమండ దాకా ఉంది. ముందు ముసలి కుక్క, దాని వెనక బావ, బాగా వెనగ్గా చెట్ల చాటున ఇతను. కుక్క ఓసారి వెనక్కొచ్చి, ఇతని బూట్లు వాసన చూసి, తోక ఊపి వెళ్ళిపోయింది. ఛీ, మొరగడం కూడా చేతకాదు! యజమానికి తగ్గ కుక్క.

బావ ఎక్కుతున్నంతసేపూ ఇతను ఫోన్ ఎత్తి పట్టాడు. బావ ఆగినప్పుడల్లా దించేశాడు. ఆగిన మనిషి బొమ్మ ఎవడిక్కావాలి? మలుపులో బావ చెట్టుకి నుదురు ఆనించి చాలాసేపు నిలబడిపోయాడు. తర్వాత మంచులోనే కూలబడి, కుక్క మెడ కావలించుకుని, పళ్ళ బిగువున ఏదో అన్నాడు. "లేస్తానే తల్లీ, లేస్తా" అన్నట్టు వినబడింది.

చూసేవాడు లేకపోయినా నటిస్తున్నాడంటే ఎంత ఘటికుడు! ఒక్క క్షణం ఇతనికి బావ మీద గౌరవంలాంటిది కూడా కలిగింది. నొప్పి చాలా సుఖమైన చోటు, ఒకసారి అందులో దూరినవాణ్ణి ఎవడూ బయటికి లాగలేడు, అనుకున్నాడు.

కొండ కొసన కుక్క మంచులో వెల్లకిలా పడి పొర్లింది. బావ పకపకా నవ్వాడు. ఆ నవ్వూ ఫోన్లో పడింది. ఇంకేం కావాలి?

ఇతను అడ్డదారిన దిగాడు. రాళ్ళ మీంచి దూకుతూ, జారినా మళ్ళీ లేచి పరుగు పెడుతూ, బావ సగం దారికి రాకముందే లాండ్రీలో ఉన్నాడు.

తండ్రి కళ్ళజోడు పెట్టుకుని ఆసాంతం చూశాడు. అక్క కూడా ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి వచ్చింది.

"ఏమే అక్కా, నొప్పున్న మొహమేనా అది?"

తండ్రి మళ్ళీ మొదట్నుంచీ చూశాడు.

"ఎంత దూరం ఎక్కాడు?"

"కొస దాకా! ఇంకా నయం, పక్కన ఇంకో కొండ లేదు."

"నువ్వు కళ్ళారా చూశావా?"

"అదేం మాట నాన్నా? అడుగడుగునా వెనకే ఉన్నాను. ఆయన వచ్చేలోపు నీకు చూపించాలని, దిగేటప్పుడు ఒకటే పరుగు!"

గెలిచినవాడిలా వెళ్ళి కుర్చీలో కూర్చోబోయాడు. తండ్రి కుర్చీ వెనక్కి లాగి, దాని వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"మోకాళ్ళు పట్టేసి రెండు మెట్లు కూడా ఎక్కలేనన్నావనే కదరా, నీకీ కుర్చీ ఇచ్చింది?"