సాబు తెమ్మన్న గాలం కట్టె

“గిది గూడ పనికి రాదా?”

“రాదే. అతుకు కనవడ్తది సూడు.”

రాజక్క బీడీల చాటను పక్కన పెట్టి, గాలం కట్టెను కళ్ల దగ్గరికి తెచ్చుకొని చూసింది. ఆరు వెదురు బద్దలు ఒకదానికొకటి అంటుకొని, ఒకటే కట్టెలా నున్నగా ఉన్నాయి. అతుకు ఎక్కడుందో ఆమెకు అంతుపట్టలేదు.

“నాకేం కనవడ్తలేదు.”

“నీకు కనవడది. సాబుకు కనవడ్తది,” అన్నాడు దుర్గయ్య.

దుర్గయ్య మస్కట్‌లో పదకొండేళ్లు ఒక ఇంగ్లీషు సాబు ఇంట్లో తోటపని చేశాడు. చేపల పిచ్చి ఉన్న ఆ ముసలి సాబు తీరిక దొరికితే చాలు, వెదురు చీల్చి గాలం కట్టెలు చేసుకునేవాడు. పక్కన నిలబడి బద్దలు అందించీ అందించీ దుర్గయ్యకూ ఆ పని పట్టుబడింది.

ఏళ్ల తరువాత ఈసారి సెలవు మీద సొంతూరు కథలాపూర్ వచ్చిన రోజు, బస్సు దగ్గరికి ఎదురొచ్చిన కూతురు సుజాతనే “ఎవలింటి పిల్లవు బిడ్డా?” అని అడిగి నవ్వులపాలయ్యాడు. ఇంటికొచ్చి రాజక్కకు చెప్పిన మొదటి మాట మాత్రం కట్టె గురించే.

“మన దిక్కు వెదురుతోని ఒక కట్టె చేసుకొని రమ్మన్నడు సాబు. అది లేకుంట రావద్దన్నడు.”

రాజక్కకు అది వింతగా తోచలేదు. గల్ఫుకు పోయేవాళ్లందరూ తొక్కు సీసాలు మోసుకుపోతారు, ఈయన కట్టె మోసుకుపోతాడు, అంతే అనుకుంది. మేడిపల్లి నుంచి వెదురు తెప్పించింది. సిరిసిల్లలో మరమగ్గాల మీద పనిచేసే చెల్లెలు నర్సవ్వకు చెప్పి, చుట్టడానికి సన్నదారం తెప్పించింది.

“మంచిగున్న బొంగును ఆరు ముక్కలు చీరుడెందుకు, మళ్ల అతుకవెట్టుడెందుకు?” అని మాత్రం అడిగింది.

“లోపటి మెత్తదనమంత రందతోని చెక్కి తీసేసి, పైన గట్టిదే ఒక్కతాన చేర్చాలె. గప్పుడు ఎంత ఒంగినా ఇరుగది.”

మొదటి కట్టెకు కొస లావైందన్నాడు. రెండోదానికి వార్నిషులో బుడగ లేచిందన్నాడు. మూడోదాన్ని వాకిట్లో విసిరి చూశాడు. చేపను మోసగించడానికి గాలానికి కోడి ఈకతో కట్టిన దొంగ పురుగు గాలిలో సుడులు తిరుగుతూ పోయి, ఇరవై అడుగుల అవతల పెట్టిన ముంతలో చప్పుడు లేకుండా వాలింది. సుజాత చప్పట్లు కొట్టింది. ఆ ఉత్సాహంలో ఇంకోసారి విసిరితే, దారిన పోతున్న బుచ్చవ్వ కొంగుకు తగులుకుంది. ఆమె బెదిరి పరుగెత్తింది. దారం ఆమె వెంట పోతూనే ఉంది, కట్టె విల్లులా వంగిపోయింది.

“ఓ దుర్గయ్యా, ఇడువు నన్ను!”

“ఉరుకకు వదినా, జర నిలవడు! కట్టె ఇరుగుతది!”

కట్టె విరగలేదు. అయినా అదీ పనికి రాదన్నాడు.

రెండు నెలల సెలవు మీద వచ్చినవాడికి అయిదో నెల నడుస్తోంది. ఆరు దాటితే వీసా పోతుంది. వరుసగా రెండేళ్లు వానలు సరిగ్గా లేక ఊళ్లో కూలి పనే లేదు. రాజక్క బీడీలు ఇంటిని ఎన్నాళ్లని లాగుతాయి?

“సాబుకు ఫోన్ చేసి జర బతిమాలరాదు?”

“చేసిన. ఎంత ఆలస్యమైనా కట్టెతోనే రమ్మన్నడు. గట్టి మనిషి.”

పనికిరావన్న కట్టెలను పొయ్యిలో పెట్టడానికి రాజక్కకు చేతులు రాలేదు. కోరుట్లలో సెల్‌ఫోన్ల దుకాణం నడిపే జితేందర్ ఆదివారమైతే చాలు, చెరువుల వెంట తిరుగుతాడు. కట్టెల సంగతి విని అతను వచ్చి ఒకటి పట్టుకుపోయాడు. వారం తిరక్కుండా మళ్లీ వచ్చాడు.

“అక్కా, నాలుగు కిలోల బొచ్చె చేప పడ్డది! కట్టె గిట్ల ఒంగింది గని ఇరగలే. మా దోస్తులకు ఇంకా ఆరు గావాలె.”

తరువాత జగిత్యాల నుంచి అడిగారు. సిరిసిల్ల నుంచీ అడిగారు. దుర్గయ్య ఒకదాని వెంట ఒకటి చేసి ఇస్తూనే ఉన్నాడు. సాబు కట్టె ఒక్కటే కుదరలేదు.

వీసా గడువు దాటిన రోజు రాజక్క అన్నం ముట్టలేదు. దుర్గయ్య రెండుసార్లు వడ్డించుకున్నాడు. దుఃఖం దిగమింగుకుంటున్నాడు పాపం అనుకుందామె.

వానాకాలం వచ్చేసరికి ఆ పనే ఇంటికి ఆధారమైంది. రాజక్క బీడీలు మానేసి బద్దలకు బంక పూయడం నేర్చుకుంది. జగిత్యాలలో డిగ్రీ చదివే సుజాత సెలవు రోజుల్లో దారం చుట్టేది. అయినా పాపం, అంత ఆశపడ్డ ముసలాయనకు కట్టె చేరలేదే అన్న బాధ రాజక్కను వదలలేదు. భర్తకు చెప్పకుండా ఉన్నవాటిలో మంచి కట్టె ఏరి, పాత చీరలో చుట్టి, ముత్యంపేట నుంచి మస్కట్ పోతున్న, సాబు ఇల్లు తెలిసిన సామేలు చేతికిచ్చి పంపింది.

ఇరవై రోజులకు పొద్దున్నే సాబు ఫోన్ చేశాడు. సుజాత మాట్లాడుతుంటే, చేతిలో రందతోనే దుర్గయ్య వాకిట్లోంచి ఉరికొచ్చాడు.

“కట్టె చానా మంచిగున్నదంట బాపు. తను చేసినయి దీని ముందట దేనికీ పనికి రావంట.”

రాజక్క ముఖం విప్పారింది. “ఆలస్యమైనందుకు ఏమనుకోవద్దని చెప్పు బిడ్డా.”

సుజాత చెప్పింది. అవతల సాబు చాలాసేపు ఏదో మాట్లాడాడు.

“ఇగ పెట్టెయ్ బిడ్డా, సాబుకు బిల్లు అయితది,” అన్నాడు దుర్గయ్య.

“నువ్వాగు! ఏమంటుండు బిడ్డా సాబు?” అంది రాజక్క.

సుజాత తండ్రిని చూసింది, తల్లిని చూసింది.

“‘కట్టె తెమ్మని నేనెప్పుడు చెప్పిన?’ అంటుండమ్మా.”