గోడ అవతలి సిగ్గరి

"సోమవారం నుంచి మీరు రానక్కర్లేదమ్మా," అన్నాడు హోటల్ మేనేజరు.

ఆర్గనిస్టు కుర్చీ అంచుకు జరిగింది. పంతొమ్మిదేళ్లుగా ఆమె ఈ హోటల్లో సాయంత్రాలు జాజ్ వాయిస్తోంది. బీరువా అంత ఆర్గన్‌ను లోపలికి తేవడానికి అప్పట్లో నలుగురు మనుషులు పట్టారు. ఒక తలుపు కూడా ఊడదీయాల్సి వచ్చింది.

"నేనేం తప్పు చేశానండీ?"

"తప్పేం లేదు. కొత్త యజమాని ఒక్కరినే ఉంచమన్నాడు. నేను మీ బేస్ వాయించే అబ్బాయిని ఉంచుకుంటున్నాను."

మేనేజరుది గోడచాటు సంగీతజ్ఞానం. కచేరీ వేళకు ఆయన్ను ఫోన్లు గదిలోంచి కదలనిచ్చేవి కావు. ఆయన గదికీ వేదికకీ మధ్య ఒక్కటే గోడ. సన్నని స్వరాలన్నీ ఆ గోడ దగ్గరే ఆగిపోయేవి. బేస్ మాత్రం దుమ్ దుమ్మంటూ గోడలోంచి దూరి వచ్చి, ఆయన బల్ల మీది టీకప్పును కదిలించేది. ఆ దుమ్ దుమ్ వింటేనే ఆయనకు కోపం దిగేదట. ఇంట్లోవాళ్లు కూడా ఒప్పుకున్నారట.

"ఇన్నేళ్లలో అతని ముఖం చూసిన పాపాన పోలేదు నేను. ఎప్పుడడిగినా మీ మరిది ఏదో ఒకటి చెప్పి తప్పిస్తాడు."

నిజమే. వాళ్లు ముగ్గురూ హోటల్లో చేరిన రోజున మేనేజరు, "ఆర్గన్, డ్రమ్స్, గిటార్ సరే. బేస్ ఎవరు?" అని అడిగాడు. డ్రమ్స్ వాయించే మరిది తడుముకోకుండా, "ఉన్నాడు సార్. ఉత్త సిగ్గరి, నలుగురిలోకి రాడు," అనేశాడు. ఆమె ఏదో చెప్పబోయింది. మరిది ఆమె కాలు తొక్కాడు. గిటారు వాయించేవాణ్ని అందరూ మూగనోము అంటారు. ఆ పేరుకు తగ్గట్టే అతను నోరు విప్పలేదు.

ఆ సాయంత్రం నుంచి వంటగది నాలుగు భోజనాలు పంపేది. నాలుగు ప్లేట్లూ ఖాళీగానే తిరిగి వెళ్లేవి. మరిది ఏటికేడాది లావెక్కాడు.

ఆమె బతుకంతా ఎవరికీ పట్టకుండానే గడిచింది. చిన్నప్పుడు కుర్చీలో కూర్చుని కాళ్లాడిస్తే తల్లి మొట్టికాయలు వేసేది. ఇరవయ్యో ఏట స్కేటింగ్ రింకులో వాయించింది. జనం కింద పడకుండా చూసుకునే హడావుడిలో వినలేదు. తర్వాత పెళ్లిళ్ల హాల్లో వాయించింది. అక్కడ తినే హడావుడి. 'ఆడమనిషేమిటి, అంత పెట్టె ముందు కూర్చుని జాజేమిటి!' అని చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. ఈ హోటల్లోనే మొదటిసారి ఒక స్టూలు తనదనిపించింది. అదీ పోతే ఈ వయసులో ఆ బీరువాను ఎక్కడికని మోసుకుపోతుంది?

"ఇంతకీ అతను మీకేమవుతాడు?" అన్నాడు మేనేజరు.

"పుట్టినప్పటి నుంచీ నాతోనే ఉన్నాడండీ."

"తమ్ముడా! ముందే చెప్పొద్దూ?"

"వాడికో కవల కూడా ఉన్నాడు సార్," తలుపు దగ్గర నిలబడ్డ మరిది అందుకున్నాడు. "కానీ వాడికి వాయించడం రాదు. శబ్దం పెంచడం, తగ్గించడం, అంతే."

"ప్రతి ఇంట్లో ఒకడుంటాడులే అలాంటివాడు," అని మేనేజరు జాలిపడ్డాడు. "పోయినేడు అతను మెట్ల మీద జారితే మీరూ మూడు వారాలు రాలేదు. మరీ అంత గారాబమా? ఇంకెన్నాళ్లు మీ చాటున దాక్కుంటాడు? రేపు పదింటికి నా గదికి తీసుకురండి. అయిదేళ్ల ఒప్పందం, సంతకం పెట్టేస్తే సరి."

"వాడికి సంతకం రాదండీ."

"వేలిముద్ర వేయమనండి. అంత కళ ఉన్నవాడికి చదువెందుకు?"

బయటికి రాగానే మరిది ఆమెకు అడ్డంగా నిలబడ్డాడు. "వదినా, ఇప్పుడెలా?"

"ఎలా ఏముంది? పిలిచాడుగా, తీసుకెళ్తాను."

మర్నాడు సరిగ్గా పదింటికి ఆమె మేనేజరు గదిలో అడుగుపెట్టింది. బల్ల మీద ఒప్పందం కాగితం, పక్కనే ఇంకు ప్యాడ్. మేనేజరు కొత్త టై కట్టుకున్నాడు. ఆమె భుజం మీదుగా తలుపు వైపు ఆత్రంగా చూశాడు.

"ఏడండీ మీవాడు?"

"వచ్చాడండీ."

"మరి రమ్మనండి, నా దగ్గర సిగ్గెందుకు!"

ఆమె తాపీగా కుర్చీలో కూర్చుని, బూటూ మేజోడూ విప్పి, పంతొమ్మిదేళ్లుగా ఆర్గన్ అడుగున పెడళ్లు తొక్కుతూ బేస్ వాయించిన తన ఎడమకాలిని బల్ల మీదికెత్తి, బొటనవేలు ఇంకు ప్యాడ్‌లో అద్దింది.