ఎలుక కొరికిన మూల

చలి ముదిరితే ఎలుకలు ఇళ్లల్లో దూరతాయి. మాన్‌షిక్ చీకటి పడగానే గోడ కన్నంలో చెస్ట్‌నట్ కాయల ముళ్ల తొక్కలు కూరాడు. పైన దూలానికి, పులియడానికి గడ్డితాళ్లతో కట్టిన సోయా గింజల ముద్దలు వేలాడుతున్నాయి. భార్య పోయేముందు ఉడికించి, దంచి, అదిమి చేసినవి. ఆమె చేతిది ఇంట్లో మిగిలింది అంతే. అందులో ఒకదాని మూల నిన్న ఎలుక కొరికేసింది.

పొరుగింటి ఒక్‌బున్ గుమ్మంలోంచి తొంగిచూసింది. "ఆవిడ బతికుండగా ఆవిడ వంటకి వంక పెట్టకుండా ఓ పూటైనా తిన్నావా? ఇప్పుడు కాపలా కాస్తున్నావే, అన్నయ్యా!"

"నీ ఇంటి ఎలుకల్ని చూసుకో, పో."

ఆమె వెళ్లిపోయింది. అతను దీపమార్పి పడుకున్నాడు. గోడలో గీకుడు వినిపించింది. ముళ్లు గుచ్చుకున్నాయి కాబోలు, ఆగిపోయింది. కాసేపటికి పైనుంచి వేరే చప్పుడు. తడి పిండిని ఎవరో అరచేత్తో నింపాదిగా తడుతున్నట్టుంది.

అతనికి భయం కూడా వేయలేదు. చప్పుడు ఆగాక లేచి దీపం వెలిగించాడు. కన్నంలో ముళ్లు కదల్లేదు. ముద్దకి ఎలుక కొరికిన మూల మళ్లీ పూడి ఉంది. వేలు ఆనిస్తే మెత్తగా, వేడిగా తగిలింది.

వంటింట్లోకి వెళ్లి గింజలు ఉడికించే ఇనప బాన మూత ఎత్తాడు. లోపల ఎండిపోయి తుప్పు పట్టి ఉంది.

వెనక, అతను పడుకున్న గదిలో తట్టడం మళ్లీ మొదలైంది.